ఇరవై ఒక్క రోజుల్లో ఇరవై రోజులు ఇంటివే

మీ ఇంట్లో ఒకరికి లింఫోమా అని తేలింది. నాన్నగారికో, చెల్లెలికో, కట్టుకున్న మనిషికో. మెడ పక్కనో చంకలోనో నొప్పి లేని గడ్డ, సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రిళ్లు పక్క తడిసేంత చెమట, కారణం తెలియకుండా తగ్గిన బరువు. ఆసుపత్రుల చుట్టూ తిరిగారు, బయాప్సీ అయింది, జబ్బుకు పేరు దొరికింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి అన్నది మీ ప్రశ్న. చుట్టాల్లో ఎవర్నడిగినా 'ధైర్యం చెప్పు' అంటారు. చెప్పండి, మంచిదే. కానీ అది పది నిమిషాల్లో అయిపోయే పని. మిగతా నెలలన్నీ ఏం చేస్తారు?

ఒక చిన్న లెక్క చూద్దాం. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం లింఫోమాకు సాధారణంగా ఇచ్చే చికిత్స పేరు ఆర్-చాప్. ఇరవై ఒక్క రోజులకొకసారి, మామూలుగా ఆరు సైకిల్స్. ఒక్కో సైకిల్‌లో సెలైన్ ద్వారా మందు ఎక్కించేది దాదాపుగా ఒక్కరోజే. మిగిలిన ఇరవై రోజులూ రోగి ఇంట్లోనే ఉంటాడు. హాడ్జికిన్ రకానికి ఇచ్చే ఏబీవీడీ అయితే రెండు వారాలకొకసారి. అక్కడా పరిస్థితి ఇదే. మందు పనిచేసేదీ, వికటించేదీ, జ్వరం వచ్చేదీ, మనసు కుంగేదీ డాక్టర్ కళ్ల ముందు కాదు, మీ కళ్ల ముందు. కాబట్టి మీ అసలు సాయం ఈ ఇరవై రోజుల్లో ఉంది. గమనించడం, రాసిపెట్టడం, వేళకు కదలడం మీ పని. జబ్బు గురించిన నిర్ణయాలు మాత్రం ఆ మనిషివి. పని మీరు తీసుకోండి, నిర్ణయం లాక్కోకండి. ఈ అధ్యాయమంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

గమనించి రాసినంత మాత్రాన ఏమవుతుందని అనిపిస్తోందా? న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటెరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 766 మంది రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. కొందరు తమ బాధలు మామూలుగా డాక్టర్‌ను కలిసినప్పుడే చెప్పుకున్నారు. మిగతావారు మధ్యలోనే కంప్యూటర్ ద్వారా తెలియజేస్తూ వచ్చారు, బాధ ముదిరితే నర్సుకు వెంటనే సమాచారం వెళ్లేది. 2017లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో ఉన్నవారిలో సగం మంది 26 నెలలు దాటి బతికితే, ఎప్పటికప్పుడు చెప్పినవారిలో సగం మంది 31 నెలలు దాటి బతికారు. ఇక్కడ మీరొక అభ్యంతరం చెప్పవచ్చు. వాళ్లవి లింఫోమాలు కావు, ముదిరిన వేరే క్యాన్సర్లు. పైగా అక్కడ సందేశం అందుకునే నర్సులున్నారు. నిజమే, ఆ అంకెలను ఉన్నవున్నట్టుగా మన ఇంటికి తెచ్చుకోలేం. కానీ జరిగింది అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇబ్బంది ముందే తెలిస్తే ముందే సర్దుతారు, సర్దితే చికిత్స ఆగకుండా సాగుతుంది. నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న లింఫోమాలో చికిత్స ఆగకుండా సాగడం విలువ ఇంకా ఎక్కువ. ఇక నర్సు సంగతంటారా, మన ఊళ్లలో చాలామందికి ఆ నర్సు పని చేయాల్సింది మీరే.

1. ముందు ఏ లింఫోమానో తెలుసుకోండి

లింఫోమా అన్నది ఒక్క జబ్బు కాదు. హాడ్జికిన్, నాన్-హాడ్జికిన్ అని రెండు పెద్ద తెగలు, వాటి కింద డజన్ల కొద్దీ రకాలు. కొన్ని వారాల్లో పెరుగుతాయి, కొన్ని ఏళ్ల తరబడి కదలకుండా పడివుంటాయి. అందుకే ఎదురింటాయన బావమరిదికి ఏం జరిగిందో మీ ఇంటికి వర్తించదు. బయాప్సీ రిపోర్టులో రాసిన పూర్తి పేరు ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరేం చెప్పినా, ఇంటర్నెట్‌లో ఏం చదివినా, అది ఈ పేరున్న జబ్బు గురించేనా అని ముందు చూడండి.

అందరూ జారిపడే చోటు స్టేజీ. 'నాలుగో స్టేజీ' అనగానే ఇల్లు ఇల్లంతా చేతులెత్తేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లోనో, కాలేయ క్యాన్సర్లోనో ఆ మాటకున్న అర్థాన్ని తెచ్చి ఇక్కడ పెట్టేస్తాం. లింఫోమా పుట్టేదే ఒళ్లంతా తిరిగే తెల్లరక్తకణాల్లో. అది ఎముక మజ్జలోనో కాలేయంలోనో కనిపించినంత మాత్రాన చికిత్సకు లొంగదని కాదు. నాలుగో స్టేజీ హాడ్జికిన్ లింఫోమా కూడా చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. వేగంగా పెరిగే పెద్ద బి-కణాల లింఫోమాలో అన్ని స్టేజీలూ కలిపి చూస్తే, ఆర్-చాప్‌తో పదిమందిలో దాదాపు ఆరుగురికి నయమవుతోంది. ఆ 'ఆర్' అంటే రిటుక్సిమాబ్. అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఈ మందు మొదట్లో మన మధ్యతరగతికి అందని ధరలో ఉండేది. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దానికి సమానమైన మందును తక్కువ ధరకు తెచ్చింది. లింఫోమాల్లో కొన్నింటికి వాడే మెథోట్రెక్సేట్ వెనకా మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషి ఉంది. 'క్యాన్సర్‌కు మందెక్కడుంది' అని నిట్టూర్చే పెద్దమనిషికి ఈసారి ఈ రెండు సంగతులూ చెప్పండి.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. నెమ్మదిగా సాగే ఫోలిక్యులర్ లింఫోమా వంటి వాటిలో 'ఇప్పుడు మందేమీ వద్దు, మూడు నెలలకోసారి చూద్దాం' అని డాక్టర్ అనవచ్చు. ఇంట్లోవాళ్లకు ఇది మింగుడుపడదు. క్యాన్సర్ అని చెప్పి ఊరికే పంపించేస్తారేమిటి, డబ్బుల్లేవనుకున్నారా, ఇంకో ఆసుపత్రికి పోదాం పదండి అంటారు. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు, తీసుకోండి. కానీ ఇబ్బంది పెట్టని ఈ రకాల్లో ముందే కీమో మొదలుపెట్టినవారు ఎక్కువకాలం బతికినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఆగి చూడటమూ వైద్యమే. ఆ ఎదురుచూపుల నెలల్లో ఆ మనిషికి తోడుగా ఉండటం కీమో రోజుల్లో ఉండటం కంటే తేలికేమీ కాదు.

ఇంకో మాట. మన దేశంలో మెడలో గడ్డలంటే ముందు టీబీయే గుర్తొస్తుంది. రెండిట్లోనూ జ్వరం, చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. కొన్ని నెలలు టీబీ మందులు వాడాక గానీ లింఫోమా బయటపడని సందర్భాలు చాలా ఉన్నాయి. 'అప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే' అన్న మాట మీ ఇంట్లోనూ లేస్తుంది. దాన్ని మొదటి రోజే ఆపేయండి. ఆ మాట వల్ల ఎవరికీ ఒక్క గడ్డ కూడా తగ్గదు.

2. రోగికి తెలియనివ్వండి

డాక్టర్ గది బయట నిలబడి 'అమ్మకు మాత్రం చెప్పకండి సార్' అనే కొడుకులు, కూతుళ్లు మనలో ఎంతమంది? ఉద్దేశం ప్రేమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ క్యాన్సర్ ఆసుపత్రిలో కూర్చుంది. గోడల మీద బోర్డులు చదువుతోంది. పక్క కుర్చీలో జుట్టు ఊడిన మనిషిని చూస్తోంది. రెండు వారాల్లో తన జుట్టూ దువ్వెనకు చుట్టుకుని వస్తుంది. ఆవిడకు తెలియదని మీరనుకుంటున్నారు, మీరు బాధపడతారని ఆవిడ తెలియనట్టు ఉంటోంది. ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా ఏడుస్తారు.

'చెబితే ధైర్యం చెడుతుంది, మందు పనిచేయదు' అన్నది పెద్ద అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మొదటి వారం కుంగిపోవడం నిజమే. అయితే మన దేశంలోనే జరిగిన అధ్యయనాల్లో ఎక్కువమంది రోగులు తమ జబ్బేమిటో తమకు తెలియాలనే కోరుకున్నారు. దాచాలనుకున్నది ఎక్కువగా ఇంట్లోవాళ్లే. ఇంతకుమించిన ఆచరణ సమస్య ఇంకొకటి ఉంది. జబ్బేమిటో తెలియని మనిషికి అర్ధరాత్రి వంద దాటిన జ్వరం ప్రమాదమని ఎలా తెలుస్తుంది? 'ఏదో గడ్డకు మందు' అనుకుంటున్నవారు అయిదో సైకిల్‌కు నేను రానని మొండికేస్తే ఏం చెప్పి ఒప్పిస్తారు?

కొన్ని నిర్ణయాలైతే ఆ మనిషి తప్ప ఇంకెవరూ తీసుకోలేరు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి హాడ్జికిన్ అని తేలిందనుకుందాం. ఈ జబ్బు ఆ వయసువారిలో తరచుగా కనిపించేదే. కొన్ని కీమో మందులు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయవచ్చు. చికిత్స మొదలవకముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలుంది. అమ్మాయిలకైతే అండాలను భద్రపరచే మార్గాలున్నాయి, దానికి కొన్ని రోజులు పడుతుంది. పెళ్లికాని పిల్లల ముందు ఈ మాట ఎలా ఎత్తుతామని తల్లిదండ్రులు ఊరుకుంటారు, ఓపీ రద్దీలో డాక్టరూ మరిచిపోవచ్చు. పదేళ్ల తర్వాత ఆ కుర్రాడు అడిగితే సమాధానం ఉండదు. మొదటి కీమోకు ముందే అడగండి. మీకు సిగ్గుగా ఉంటే, డాక్టర్‌తో అతన్ని ఒంటరిగా మాట్లాడనిచ్చి మీరు బయటికి రండి.

చెప్పడమంటే అంకెలన్నీ ముఖాన గుమ్మరించడం కాదు. 'నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?' అని అడగండి. ఎనభై ఏళ్ల తాతగారు 'నాకవన్నీ ఎందుకురా, నువ్వు చూసుకో' అంటే అదీ ఆయన నిర్ణయమే. అడిగి వదిలేయడం వేరు, అడక్కుండా దాచేయడం వేరు.

3. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి

ఈ అధ్యాయంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇదే గుర్తుంచుకోండి. కీమో ఎక్కించాక సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు పట్టుకున్న ఇన్ఫెక్షన్‌కు చీము పట్టదు, వాపు రాదు; కొన్నిసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే అది అత్యవసర పరిస్థితి. ఆసుపత్రి చేరిన గంటలోపే నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యులు పాటించే నియమం. ఇంట్లో మనమేం చేస్తాం? పారాసిటమాల్ వేసి, తడిగుడ్డ పెట్టి, 'పొద్దున్న చూద్దాం' అంటాం. మాత్రతో అంకె దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కొలవకుండా, ఆసుపత్రికి ఫోన్ చేయకుండా జ్వరం మాత్ర వేయకండి. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు పుట్టినా, మనిషి మగతగా ఉన్నా అంతే తొందరగా కదలండి.

'మాది పల్లెటూరు, అర్ధరాత్రి వంద కిలోమీటర్లు ఎలా పోతాం?' అంటారా? అందుకే ఆ రాత్రి రాకముందే అడగాలి. మొదటి కీమో రోజునే డాక్టర్‌ను ఈ మూడు అడగండి: రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి? దగ్గరి పట్టణంలో ఏ ఆసుపత్రికి వెళితే మొదటి ఇంజెక్షన్ వేస్తారు? అక్కడి డ్యూటీ డాక్టర్‌కు చూపించడానికి 'ఈయన కీమోలో ఉన్నారు, జ్వరం వస్తే ఇలా చేయండి' అని ఒక చీటీ రాసిస్తారా? ఆ చీటీ, ఒక డిజిటల్ థర్మామీటర్, కాస్త డబ్బు, వెంటనే వచ్చే కారో ఆటోనో ఉన్నవారి నంబరు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించండి. భయపడి పరిగెత్తాక ఏమీ లేదని తేలితే నవ్వుతారేమోనన్న జంకు వద్దు. క్యాన్సర్ డాక్టర్ ఎవరూ దానికి నవ్వరు.

4. 'ఎలా ఉంది?' అని అడగకండి

అడిగితే 'బానే ఉంది' అనే వస్తుంది. ముఖ్యంగా రోగి ఇంటి ఇల్లాలైతే. జీవితమంతా అందరూ తిన్నాక తినడానికి అలవాటుపడ్డ మనిషి తన నొప్పిని ఫిర్యాదుగా చెప్పదు. నోటిలో పూత వచ్చినా మజ్జిగన్నంతో సరిపెట్టుకుని పొయ్యి ముందు నిలబడుతుంది. అందుకే సమాధానం తప్పించుకోలేని చిన్న ప్రశ్నలు వేయండి. రాత్రి ఎన్నిసార్లు లేచావు? ఇవాళ విరేచనం అయిందా? చొక్కా గుండీలు పెట్టుకోగలిగారా? మెట్లెక్కితే ఎక్కడ ఆయాసం వచ్చింది?

ఈ ప్రశ్నల్లో ప్రతిదాని వెనకా ఒక మందు ఉంది. ఆర్-చాప్‌లోని విన్‌క్రిస్టిన్ నరాలను తాకుతుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, గ్లాసు జారిపోతుంది, మలబద్ధకం వస్తుంది. ఇవి పెరుగుతున్నాయని తెలిస్తే డాక్టర్ మోతాదు సర్దుతారు. చెప్పకపోతే ఆ తిమ్మిరి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఏబీవీడీలోని బ్లియోమైసిన్ కొందరిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొడి దగ్గు, కొత్తగా వచ్చిన ఆయాసం దాని మొదటి అడుగులు. ఆ దగ్గుకు ఇంట్లో మిరియాల కషాయం కాచి ఊరుకోకూడదు, ఆ రోజే చెప్పాలి. ఇక డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు, అది రక్తం కాదు. ముందే తెలిస్తే ఒక రాత్రి భయం తప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేది ఆర్-చాప్‌లో మాత్రలుగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్. ప్రతి సైకిల్‌లో మొదటి అయిదు రోజులు పెద్ద మోతాదులో ఇస్తారు. నిద్ర పట్టదు, ఆకలి పెరుగుతుంది, చిరాకు ముంచుకొస్తుంది, షుగర్ ఉన్నవారికి అది ఎగబాకుతుంది. మూడో రోజు రాత్రి రెండింటికి నాన్నగారు బీరువా సర్దుతూ, ఫ్యాను శబ్దం గురించి మీ మీద అరుస్తున్నారనుకోండి. ఆరో రోజుకు ఆ ఊపంతా దిగిపోయి, గోడవైపు తిరిగి పడుకుని 'నా వల్ల కాదు' అంటారు. ఇది ఆయన స్వభావమో, జబ్బు ముదరడమో అనుకుంటే మీరు గాయపడతారు. మాత్రల తేదీలు కాలెండర్ మీద రాసి చూస్తే రెండో సైకిల్‌కల్లా ఈ తీరు మీకే కనిపిస్తుంది. ఆ మాత్రలు పొద్దున్నే టిఫిన్ తిన్నాక ఇవ్వవచ్చా అని డాక్టర్‌ను అడగండి, నిద్ర కాస్త మెరుగవుతుంది.

ఒక రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. తేదీ, సైకిల్‌లో ఎన్నో రోజు, జ్వరం, బరువు, తిన్నది, విరేచనం, నొప్పి, మనసు. రోజుకు నాలుగు వరుసలు. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు అందులోంచి మూడు ప్రశ్నలు తీసి మొదటి పేజీలో రాయండి. 'ఎక్కువ అడిగితే కోప్పడతారు, మేమంత చదువుకోలేదు' అని కొందరి భయం. ఓపీలో ఒక్కో రోగికి దొరికేది నాలుగైదు నిమిషాలే కాబట్టి ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ 'నీరసంగా ఉంటోందండీ' అన్నప్పుడు డాక్టర్‌కు చేయడానికేమీ ఉండదు. 'ఎనిమిదో రోజు నుంచి మెట్లెక్కలేకపోతున్నాడు, మూడు కిలోలు తగ్గాడు' అంటే ఉంటుంది. చదువుకూ దీనికీ సంబంధం లేదు. మొదటి కీమోకు ముందు హెపటైటిస్-బి పరీక్ష అయిందా అని కూడా అడగండి. రిటుక్సిమాబ్ వల్ల ఒంట్లో నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ మళ్లీ లేచే ప్రమాదం ఉంది.

5. పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి

జబ్బు అనగానే మన వంటింట్లో నిషేధాల జాబితా బయలుదేరుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వేడి, చికెన్ అసలే వద్దు, పెరుగు జలుబు, పంచదార క్యాన్సర్‌ను పెంచుతుంది. చివరికి మిగిలేది చారన్నం. కీమోలో ఉన్న ఒంటికి కావలసింది సరిగ్గా వీళ్లు తీసేసినవే. గుడ్డు, పప్పు, చేప, చికెన్, పాలు, ఏది అలవాటైతే అది, బాగా ఉడికించి, తాజాగా, వేడిగా. తీపి మానేస్తే లింఫోమా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. షుగర్ జబ్బు ఉంటే ఆ జాగ్రత్త వేరే. వద్దనాల్సినవి వేరే ఉన్నాయి: రోడ్డు పక్క కోసిపెట్టిన పండ్లు, పచ్చి మాంసం తాకిన కత్తితో తరిగిన కూరలు, పొద్దుటి నుంచి బయటే ఉన్న అన్నం, నమ్మకం లేని నీళ్లు.

'పెద్దలు చెప్పిన పథ్యం ఊరికే పుట్టిందా?' అనవచ్చు. అరుగుదల లేని రోజుల్లో కారం, నూనె తగ్గించమన్నది మంచి మాటే, నోటిపూత ఉన్నప్పుడు అది ఇప్పటికీ వర్తిస్తుంది. పసర్లు, కషాయాలు, పొడుల సంగతి మాత్రం వేరు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు వైద్యులే నమోదు చేశారు. కీమో మందుల్లో చాలావాటిని అరగదీసేది ఆ కాలేయమే. నమ్మకం మీద గొడవ పడకండి, రహస్యంగా మాత్రం ఇవ్వకండి. ఏ పొడి ఇస్తున్నా డాక్టర్‌కు సీసా చూపించండి.

పడుకోబెట్టడం కూడా మన ప్రేమలో భాగమే. కెనడాలోని ఆల్బర్టాలో 122 మంది లింఫోమా రోగుల మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. పర్యవేక్షణలో క్రమంగా వ్యాయామం చేసినవారి శక్తి, చలాకీతనం మెరుగయ్యాయి, కీమోకు ఆటంకమేమీ కలగలేదు. మీ ఇంట్లో వ్యాయామ సైకిల్ ఉండకపోవచ్చు. డాక్టర్ సరేనంటే సాయంత్రం వీధి చివరిదాకా నడిపించండి, ఓపిక లేని రోజు వరండాలోనే.

6. పరామర్శలకు వేళ పెట్టండి

క్యాన్సర్ అంటువ్యాధి కాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ఇది ముందు ఇంటి పిల్లలకు, తర్వాత పక్కింటివారికి చెప్పండి. అంటుకునే ప్రమాదం ఉన్నది అవతలి వైపు నుంచి. వచ్చినవారి జలుబు, దగ్గు రోగికి అంటుతాయి. బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకుని పదిమంది ఒకేసారి దిగుతారు, అందులో ఒకరు తుమ్ముతుంటారు. రావద్దంటే తరతరాల మాట. అందుకే వద్దనకండి, తేదీ ఇవ్వండి. 'పదిహేనో తారీకు తర్వాత రండి బాబాయ్, అప్పటికి కాస్త తేరుకుంటాడు, మీతో కూర్చుని మాట్లాడతాడు' అనండి. సైకిల్‌లో మూడో వారమే చాలామందికి ఓపిక ఉండే వారం, కణాలూ కోలుకుంటాయి. ఇంట్లో పసిపిల్లలకు టీకాలు, చుక్కలు వేయించాల్సి ఉంటే ముందు రోగిని చూసే డాక్టర్‌ను అడగండి. కొన్ని టీకాల్లో బతికున్న క్రిములు ఉంటాయి.

దూరాన ఉన్నవారికీ పని ఇవ్వండి. డాలస్‌లో ఉన్న కొడుకు రాలేని బాధతో రోజూ అర్ధరాత్రి ఫోన్ చేసి, అక్కడ ఎవరో చెప్పిన కొత్త మందు గురించి అడుగుతుంటాడు. ఇక్కడ మూత్రం, వాంతులు ఎత్తుతున్న కోడలికి అది పుండు మీద కారం. అతనికి స్పష్టమైన పని చెప్పండి: రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వారీగా పెట్టడం, బిల్లులు, బీమా కాగితాలు చూడటం, ఆదివారం రెండు గంటలు వీడియోలో నాన్నతో పాత సినిమాల గురించి మాట్లాడి కోడలికి నిద్రపోయే వీలివ్వడం.

7. తేదీ జరపకండి

అమావాస్య అనో, ఇంట్లో పెళ్లనో, వరికోతలనో సైకిల్‌ను వారం వెనక్కి నెడుతుంటారు. కణాలు కోలుకోలేదని డాక్టర్ ఆపితే అది వేరు. మనంతట మనం జరిపితే మిగిలిన క్యాన్సర్ కణాలకు ఊపిరి తీసుకునే గడువు ఇచ్చినట్టే. వేగంగా పెరిగే లింఫోమాల్లో మందు వేళకు, పూర్తి మోతాదులో పడినవారి ఫలితాలే మెరుగ్గా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. డబ్బు కోసం తేదీ జారుతోందా? తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలవండి. ఏ మందులకు వర్తిస్తుంది, అనుమతికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగి, ఆ రోజులు లెక్కలో పెట్టుకోండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో, విశాఖలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా ఆసుపత్రిలో ఖర్చు కార్పొరేట్ ఆసుపత్రులతో పోలిస్తే చాలా తక్కువ. పొలం అమ్మకానికి పెట్టేముందు ఈ దారులు చూడండి.

8. మీ వంతు నిద్ర మీరు పోండి

దీని గురించి పెద్ద ఉపన్యాసం ఎందుకు? నెలల తరబడి సాగే పని ఇది. ఒక్కరే చేస్తే నాలుగో నెలకు మీరూ మంచం పడతారు. వారంలో ఒక రాత్రి, ఒక పగలు ఇంకొకరికి అప్పజెప్పండి. 'నాలాగా ఎవరు చూసుకుంటారు' అన్న మాట నిజమే కావచ్చు. నోటుబుక్కు ఉందిగా, అది చదివి వాళ్లూ చూసుకోగలరు. నిద్రతో పాటు మీ ఒంటి జాగ్రత్త కూడా చూసుకోండి: కీమో అయిన రెండు రోజులు మరుగుదొడ్డి రెండుసార్లు ఫ్లష్ చేయించండి. వాంతులు, మూత్రం ఎత్తేటప్పుడు చేతులకు గ్లవుజులు వేసుకోండి. మందు ఆ రూపంలోనూ బయటికి వస్తుంది.

చివరి కీమో అయ్యాక

చాలా ఇళ్లలో తోడు ఆగిపోయేది ఇక్కడే. ఆఖరి సైకిల్ రోజున స్వీట్లు పంచుతారు, మర్నాటి నుంచి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. రోగికి మాత్రం అసలు భయం అప్పుడు మొదలవుతుంది. ఇన్నాళ్లూ మూడు వారాలకోసారి ఎవరో చూసేవారు, ఇప్పుడు ఎవరూ చూడరు. చివరి పెట్ స్కాన్ సాధారణంగా కీమో ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు తీస్తారు. తొందరపడి ముందే తీస్తే వాపును చూసి జబ్బని పొరబడే వీలుంది. ఆ వారాల్లో మెడ తడుముకుంటూ కనిపిస్తే 'ఏం లేదులే, ఊరికే అనుమానం' అని కొట్టిపారేయకండి, స్కాన్ రోజున పక్కన కూర్చోండి. నీరసం నెలల తరబడి ఉండవచ్చు. ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టిన మనిషి సాయంత్రం ఆరింటికే పడుకుంటే బద్ధకం అనుకోవద్దు. ఒకవేళ జబ్బు పూర్తిగా లొంగలేదని తేలితే, రెండో వరస మందులు, మూలకణ మార్పిడి వంటి దారులున్నాయి. అప్పుడూ నోటుబుక్కు, ప్రశ్నలు, ఆ మనిషి ఇష్టాన్ని అడగడం ఇవే మళ్లీ మొదటి నుంచి. ఇక మందులు చాలు, నొప్పి లేకుండా ఇంట్లో ఉండాలని ఆ మనిషి అంటే, పాలియేటివ్ వైద్యులను కలిసి ఆ మాట నెగ్గించడమూ మీ పనే.

నయమైనవారి విషయంలో ఇంకొక్కటి మిగిలింది. ఫైలు పారేయకండి. ఏ లింఫోమా, ఎన్ని సైకిల్స్, డాక్సోరూబిసిన్ మొత్తం ఎంత పడింది, ఛాతీకి రేడియేషన్ ఇచ్చారా అన్న వివరాలు ఒకే పేజీలో రాయించి డాక్టర్ సంతకం తీసుకోండి. డాక్సోరూబిసిన్ ప్రభావం గుండె మీద ఏళ్ల తర్వాత కూడా కనిపించవచ్చు. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలు మిగతావారికంటే చాలా ముందు నుంచే చేయించాలి. పదిహేనేళ్ల తర్వాత ఆయాసం వచ్చి వేరే ఊళ్లో గుండె డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు, ఆయనకు మొట్టమొదట కావలసింది ఆ పేజీయే. మూడు నకళ్లు తీయించి ఒకటి రోగి దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి ఫోన్‌లో ఉంచండి.